గళ్ళ నుడికట్టు: ఆధారాన్ని విప్పడం, వివరణ రాయడం

గూఢమైన ఆధారాలున్న (క్లూలున్న) గళ్ళ నుడికట్టులో, అంటే క్రాస్‌వర్డ్‌లో, జవాబు తట్టడం ఒక పని, అది ఎందుకు జవాబో చెప్పగలగడం ఇంకో పని. చాలామంది మొదటిదాంతో ఆగిపోతారు. గడుల్లో అక్షరాలు సరిపోయాయి, అడ్డం నిలువు కలిశాయి, ఇక చాలనుకుంటారు. మర్నాడు జవాబులు చూసుకుంటే రెండో మూడో తప్పుంటాయి. అవి ఎలా తప్పయ్యాయో వాళ్ళకి అర్థం కాదు, ఎందుకంటే మిగిలినవి ఎలా ఒప్పయ్యాయో కూడా వాళ్ళు చూసుకోలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో పూరించడాన్నీ వివరించడాన్నీ విడదీయకుండా చెబుతాను. ఆధారంలోని ప్రతి మాటకీ లెక్క చెప్పగలిగినప్పుడే ఆ జవాబుని పెన్నుతో రాయాలి. అప్పటిదాకా పెన్సిలే.

ముందుగా గడుల లెక్క

తెలుగులో ఒక గడిలో ఒక అక్షరం పడుతుంది. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఆ అక్షరంతోనే ఉంటాయి. "చంద్రుడు" అంటే చం, ద్రు, డు, అంటే మూడు గడులు. "రాష్ట్రం" రెండే. పొల్లుతో ముగిసే మాటల్లో పొల్లు అక్షరానికి సాధారణంగా వేరే గడి ఇస్తారు.

ఆధారం చివర బ్రాకెట్లో ఉండే అంకెని తేలిగ్గా తీసుకోవద్దు. మన మాటల్లో చాలావాటికి రెండు మూడు రూపాలుంటాయి. కమలం మూడు గడులైతే కమలము నాలుగు. "పువ్వు (4)" అని చూసి కమలం పట్టడంలేదని వదిలేసేవాళ్ళని చూశాను. చివర్లో సున్నాని "ము"గా మార్చి చూడటం ప్రతిసారీ చెయ్యాల్సిన పని.

అడ్డం జవాబూ నిలువు జవాబూ కలిసే గడిలో అక్షరం గుణింతంతో సహా ఒకటే కావాలి. ఒకదానికి "క", ఇంకోదానికి "కా" వస్తోందంటే రెండిట్లో ఒకటి తప్పు. ఈ విషయంలో రాజీ పడకూడదు.

ఆధారంలో ఏముంటుంది

1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన తొలి క్రాస్‌వర్డ్‌లో ఆధారాలు సూటిగానే ఉండేవి: అర్థం ఇస్తారు, మాట రాయాలి. మెలికలన్నీ 1920ల్లో ఇంగ్లండ్‌లో మొదలయ్యాయి. టార్కెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పొవిస్ మాథర్స్ అబ్జర్వర్ పత్రికకి కూర్చినవి వాటిలో పేరుపడ్డవి. ఆయన తర్వాత అదే పత్రికలో జిమెనీజ్ పేరుతో కూర్చిన డెరిక్ మాక్‌నట్ ఈ ఆటకి ఒక న్యాయం ఏర్పరిచాడు. ఆధారంలో కచ్చితమైన నిర్వచనం ఉండాలి, జవాబుని ఇంకో దారిలో చూపించే న్యాయమైన అల్లిక ఉండాలి, ఆ రెండూ తప్ప ఇంకేమీ ఉండకూడదు. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అనీ, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అనీ ఈ ఆటని మన మాటల్లోకి తెచ్చి ఆడించారు. మన కూర్పరులు ఆ న్యాయాన్ని కొంత సడలించి వాడతారు. ఎక్కడ సడలిస్తారో ముందు ముందు చెబుతాను.

ఒక ఆధారం చూద్దాం.

స్వప్నం వెంట సమయం ఎల్లప్పుడూ (4)

పైకి చూస్తే ఇదేదో కవిత్వం. కూర్పరి ఉద్దేశం అది కాదు. స్వప్నం అంటే కల. సమయం అంటే కాలం. ఒకదాని వెంట ఇంకొకటి పెడితే కలకాలం. ఎల్లప్పుడూ అన్నది నిర్వచనం. "వెంట" అన్న మాట రెండిటినీ ఏ వరసలో పెట్టాలో చెప్పే సంకేతం. నాలుగు గడులు, లెక్క సరిపోయింది, ఒక్క మాట కూడా మిగల్లేదు.

నిర్వచనం దాదాపు ఎప్పుడూ ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి మనవాళ్ళ ఆధారాల్లో అది ఎక్కువగా చివర్లోనే తేలుతుంది. అయినా రెండు కొసలూ చూడాలి. చూసేటప్పుడు వాక్యాన్ని వాక్యంగా చదవకూడదు. విడి మాటలుగా చదవాలి. వాక్యంగా చదివించడమే కూర్పరి పన్నిన వల.

సంకేతాలని గుర్తుపట్టడం

ఈ ఆటలో అసలు పని ఇక్కడే. సంకేతం దొరికితే అల్లిక ఏ రకమో తెలిసిపోతుంది, మిగతాది కూలిపనే.

చేర్చడం అన్నిటికంటే తేలిక. "కలకాలం"లో చూసింది అదే. పక్కన, వెంట, తో, అంటుకుని, ముందు, వెనక లాంటి మాటలు ఇక్కడ కనిపిస్తాయి. మంచి కూర్పరి సంకేతాన్ని కూడా రెండర్థాలతో వాడతాడు:

బండికి అంటుకున్న మంట అడవంతా పాకుతుంది (4)

బండి అంటే కారు, మంట అంటే చిచ్చు, కలిపితే కారుచిచ్చు. మంట "అంటుకోవడం", మాట మాటకి "అంటుకోవడం" ఒకే క్రియలో ఇమిడాయి. కానీ ఇందులో నాకొక అభ్యంతరం ఉంది. కారుచిచ్చులోని చిచ్చుకి అసలే మంట అని అర్థం కదా, అంటే అల్లికలో సగం మామూలు అర్థమే. కలకాలంలోనూ కాలం అదే కాలం. జవాబులో ఉన్న అర్థంతోనే ముక్కని చూపించడం తప్పేమీ కాదు, కాస్త బద్ధకం.

తొలి అక్షరం, చివరి అక్షరం తీసుకోవడం చేర్చడంలో భాగంగా వస్తుంది.

కెరటం వెనక కడలి మొదలు, ముద్దు కోపం (3)

కెరటం అంటే అల. కడలికి మొదలు "క". అలక. "మొదలు" అన్న మాట కనపడగానే పక్క మాటలో తొలి అక్షరం మీద వేలు పెట్టండి. చివర, అంతం, కొస, తుది అంటే ఆఖరి అక్షరం.

దాచడం ఇంకో పద్ధతి. ఇందులో జవాబు కళ్ళెదుటే ఉంటుంది, మాటల మధ్య ఖాళీ వల్ల కనిపించదు.

వానర సముదాయంలో దాగిన సారం (3)

వా, న, ర, స, ము, దా, యం. మధ్యలో వరసగా ర, స, ము. రసము అంటే సారం. ఇక్కడ "సముదాయం" లాంటి బరువైన మాట ఎందుకు వచ్చిందని అనుమానం రావాలి. గుంపు అంటే సరిపోయే చోట సముదాయం అన్నాడంటే ఆ అక్షరాలు కావాల్సి వచ్చాయన్నమాట. అవసరానికి మించి అలంకారంగా ఉన్న మాట ఎప్పుడూ అనుమానించదగ్గదే.

తిప్పడంలో అక్షరాలు వెనక నుంచి ముందుకి వస్తాయి. అడ్డం ఆధారాలకి వెనుదిరిగి, తిరగేసి, కుడి నుంచి ఎడమకి అంటారు. నిలువు ఆధారాలకి తలకిందులై, కింది నుంచి పైకి, ఎగబాకి అంటారు. అడ్డం ఆధారంలో "ఎగబాకి" అన్న మాట కనిపిస్తే అది తిప్పడానికి సంకేతం కాకపోవచ్చు.

కలను తిరగేస్తే మంచానికి పనికొచ్చింది (3)

ఇందులో నాకు నచ్చే మెలిక "ను" దగ్గర ఉంది. మామూలుగా చదివితే అది విభక్తి, కల అనేదే మాట. కానీ రెండక్షరాలు తిప్పితే "లక" వస్తుంది, మూడు గడులు నిండవు. విభక్తిని కూడా సరుకులో, అంటే జవాబుకి పనికొచ్చే అక్షరాల్లో, కలిపితే క, ల, ను. వెనక నుంచి చదివితే నులక. మంచం అల్లడానికి పనికొచ్చేది. తెలుగు ఆధారాల్లో విభక్తులు ఇలా రెండు రకాలుగా పనిచేస్తాయి. "లో" ఉంటే దాచడమో ఇమడ్చడమో అనుకోవాలి, "తో", "కి" ఉంటే చేర్చడం అనుకోవాలి. వాటితో పని జరగకపోతే విభక్తే అక్షరంగా జవాబులోకి వెళ్ళిందేమో చూడాలి.

తిప్పడంలో ఒక చిక్కుంది. "పలక తిరగేస్తే చెక్క (3)" అంటే కలప అని తేలిపోతుంది, ఎందుకంటే నిర్వచనం చెక్క అనే దిక్కున ఉంది. ఏ కొస నిర్వచనమో తేలకుండా రాస్తే పలకా కలపా రెండూ ఒప్పే అవుతాయి. అలాంటప్పుడు తప్పు కూర్పరిది. పూరించేవాళ్ళు అడ్డంగా వచ్చే అక్షరం కోసం ఆగడం తప్ప చేసేదేమీ లేదు.

చెల్లాచెదురు చెయ్యడం అందరికీ ఇష్టమైన పద్ధతి.

వారము కల చెదిరితే కత్తి (5)

వా, ర, ము, క, ల. అయిదు అక్షరాలు, అయిదు గడులు. ఈ సరిపోలికే మొదటి ఆనవాలు. చెదిరితే అన్నది సంకేతం, కల చెదరడం సహజమైన మాటే కనక కలిసిపోయింది. కత్తికి పర్యాయపదాలు తలుచుకుంటే ఖడ్గం, అసి, కరవాలము. మూడోది అయిదు గడుల్లో సరిపోతుంది, అక్షరాలన్నీ ఉన్నాయి. చెదిరి, తడబడి, కలగాపులగమై, తారుమారై, తికమకపడి, గందరగోళంగా, ముక్కలై, అల్లకల్లోలం లాంటివన్నీ ఈ జాతి సంకేతాలే. వెతికేటప్పుడు అక్షరాలని వరసలో కాకుండా గుండ్రంగా రాసుకోండి. వరసలో ఉంటే కన్ను పాత మాటనే చదువుతుంది.

ఇమడ్చడం అంటే ఒక మాట మధ్యలో ఇంకో ముక్క పెట్టడం.

కలం మధ్యలో మనసు మొదలు పెడితే పువ్వు (3)

"మొదలు పెడితే" అని కలిపి చదివితే దారి తప్పుతాం. మనసు మొదలు, అంటే "మ", దాన్ని కలం మధ్యలో పెడితే కమలం. ఇంకొకటి చూడండి:

కారంలోకి రాగా జైలు (4)

"రాగా" అన్నది క్రియలా కనిపిస్తూనే సరుకుగా కూర్చుంది. కా, రం మధ్యలో రాగా పెడితే కారాగారం. ఇలాంటివి విడినప్పుడు వచ్చే సంతోషం కోసమే ఈ ఆట ఆడతాం.

తీసెయ్యడంలో సంకేతాలన్నీ శరీరం చుట్టూ తిరుగుతాయి: తల తెగి, తోక లేక, నడుం విరిగి, కాళ్ళు పోయి. నిలువు ఆధారాల్లో శిఖరం కూలి, పునాది కదిలి అని కూడా వస్తాయి.

అణకువ తల దించేస్తే మేలు (2)

అణకువకే తల తీస్తే "ణకువ" అని అర్థం లేని ముక్క మిగులుతుంది. కాబట్టి పర్యాయపదానికి వెళ్ళాలి. వినయం. తొలి అక్షరం తీసేస్తే నయం. అంతకంటే ఇది నయం అంటాం కదా, ఆ మేలు.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోవాలి. దాచడంలోనూ చెల్లాచెదురులోనూ అక్షరాలు ఆధారంలోనే కనిపించాలి. మిగతా పద్ధతుల్లో ఉన్న మాటనైనా తీసుకోవచ్చు, దానికి పర్యాయపదాన్నైనా తీసుకోవచ్చు. పర్యాయపదాన్ని ఊహించి, దాన్ని మళ్ళీ చెదరగొట్టమనడం అన్యాయమని జిమెనీజ్ సంప్రదాయం అంటుంది. నేనూ అదే అంటాను.

జంట అర్థాల ఆధారాల్లో అల్లికే ఉండదు, రెండు కొసలూ నిర్వచనాలే.

తెల్లవారితే వచ్చే శత్రుత్వాలు (3)

పగలు. ఆధారం పొట్టిగా ఉండి ఏ సంకేతమూ కనిపించకపోతే ముందుగా దీన్నే అనుమానించాలి.

చమత్కార నిర్వచనం మన పొడుపుకథకి దగ్గరి చుట్టం. "ముక్కు మీద కూర్చుని చెవులు పట్టుకుంటుంది (4)" అంటే కళ్ళజోడు. ఇందులో విప్పడానికి ఏమీ ఉండదు, తట్టాలి. తట్టకపోతే వదిలేసి అడ్డంగా వచ్చే అక్షరాలు పడ్డాక తిరిగి రండి.

అరుదుగా ఆధారం మొత్తం నిర్వచనమూ అల్లికా రెండూ అవుతుంది.

వానరుడు మొదట్లో ఉన్నది వదిలించుకుంటే ఇతడే (3)

తొలి అక్షరం "వా" వదిలేస్తే నరుడు. మొత్తం వాక్యం మనిషి పుట్టుక కథే. ఇలాంటివి ఒక గళ్ళ నుడికట్టులో ఒకటి ఉంటే గొప్ప.

తెలుగుకే సొంతమైన కొన్ని మెలికలు

ఇంగ్లీషులో ఒక్కో అక్షరాన్ని పొట్టి రాతలతో సూచిస్తారు. మనకి ఆ పని సంగీతం చేసి పెట్టింది. స్వరం, షడ్జమం, గాంధారం, పంచమం అన్న మాటలు కనిపిస్తే స, రి, గ, మ, ప, ద, ని లెక్కపెట్టండి. "సారంలో మూడో స్వరం పలికితే కడలి (3)" అంటే సారం మధ్యలో "గ", సాగరం. ఏకాక్షర పదాలు కూడా పనికొస్తాయి. ఆవు అంటే గో, లక్ష్మి అంటే శ్రీ లేదా మా, రమ్మంటే రా, పొమ్మంటే పో, తెమ్మంటే తే. మంచి అంటే సు, చెడ్డ అంటే కు లేదా దు. ఛందస్సు తెలిసిన కూర్పరి "గణం" అన్నాడంటే య, మ, త, ర, జ, భ, న, స వైపు చూడాలి.

అక్షరాన్ని కూడా విడగొట్టవచ్చు. దీర్ఘం, కొమ్ము, సున్నా, ఒత్తు ఇక్కడ సరుకులు.

దీర్ఘం కాని కాలం రాస్తుంది (2)

కాలంలో దీర్ఘం తీసేస్తే కలం. "సున్నా జారిన నంది ప్రవహిస్తుంది (2)" అంటే నది. ఈ రకం ఆధారాలు ఇంగ్లీషులో కుదరనివి, మన లిపి ఇచ్చిన వరం. మొదటిది చూడండి, "దీర్ఘం" అన్న మాటని రోజూ వాడే అర్థంలో చదివిస్తూనే గుణింతం గుర్తుకి పంపింది.

ముక్కలు చేర్చేటప్పుడు సంధి చెయ్యరు. పక్కపక్కన పెడతారంతే. రామ, ఆలయం అని రెండు ముక్కలొస్తే రామాలయం అయిపోతుందని ఆశపడొద్దు. ఎవరో ఒకరు చేస్తారు, కాదనను, కానీ ముందు సంధి లేకుండా ప్రయత్నించాలి.

ఇక సడలింపు దగ్గరికి వద్దాం. కొత్తవాళ్ళని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. తెలుగులో అక్షరాలు ఎదురెదురుగా కలవడం కష్టం కాబట్టి, చాలామంది కూర్పరులు జవాబునే తిప్పి, లేదా చెదరగొట్టి గడుల్లో పెట్టమంటారు. "వెనుదిరిగిన కన్ను (3)" అని ఉంటే జవాబు నయనం, కానీ గడుల్లో రాయాల్సింది నం, య, న. గడుల్లో పడింది మాటే కాదు, అయినా అదే ఒప్పు. ఆధారంలో రెండో నిర్వచనం లేదంటే ఇదే జరిగిందనుకోవాలి. "పలక తిరగేస్తే చెక్క"లో చెక్క అనే నిర్వచనం మిగిలింది, అందుకని అసలు మాట గడుల్లోకి వచ్చింది. "వెనుదిరిగిన కన్ను"లో సంకేతం, కన్ను తప్ప ఏమీ మిగల్లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఈ పద్ధతి నాకు పెద్దగా ఇష్టం లేదు, కానీ ఆడేటప్పుడు కూర్పరి నియమాలే మన నియమాలు. "చెదిరిన పువ్వు" లాంటివి వచ్చినప్పుడు మాత్రం అక్షరాల వరస తేలడానికి అడ్డంగా వచ్చేవన్నీ కావాలి, అంతవరకు ఊహించి రాయకండి.

ఒక ఆధారాన్ని మొదటి నుంచి చివరి దాకా

తిరగబడ్డ లక్ష్మి కళ మొదట్లోనే మచ్చ (3)

మూడు గడులు. నిర్వచనం ఏ కొసన ఉంది? "తిరగబడ్డ" నిర్వచనం కాలేదని కాదు, కానీ అది సంకేతంలా ఉంది. అందుకే "మచ్చ" వైపు మొగ్గుదాం.

మచ్చకి మూడక్షరాల మాటలు? కళంకం చటుక్కున తడుతుంది. క, ళం, కం, మూడు గడులు. పైగా ఆధారంలో "కళ మొదట్లోనే" అని ఉంది, కళంకం మొదట్లో "క" ఉంది, ఇంకేం కావాలి? చాలామంది ఇక్కడ పెన్ను తీస్తారు. కానీ వివరణ రాయడానికి కూర్చుంటే చిక్కు బయటపడుతుంది. "క" కళ ఇచ్చింది సరే, మిగిలిన "ళంకం" తిరగబడ్డ లక్ష్మి నుంచి రావాలి. అంటే "కంళం" అనే లక్ష్మి ఉండాలి. అలాంటి లక్ష్మి లేదు. తిరగబడ్డ, లక్ష్మి అన్న రెండు మాటలకి లెక్క దొరకలేదు కాబట్టి కళంకం జవాబు కాదు.

ఇప్పుడు వెనక నుంచి వద్దాం. "మొదట్లోనే" అన్నది తొలి అక్షరం సంకేతం, కళ నుంచి "క" వచ్చింది. మిగిలినవి రెండు గడులు. రెండక్షరాల లక్ష్మి? సిరి, రమ, ఇందిర కుదరదు, పద్మ. వీటిని తిప్పితే రిసి, మర, ద్మప. "క" చివర చేర్చి చూస్తే మరక ఒక్కటే మాట. మరక అంటే మచ్చ. తిరగబడ్డ, లక్ష్మి, కళ, మొదట్లోనే, మచ్చ: అయిదు మాటలకీ పని దొరికింది. "క" లక్ష్మి తర్వాతే రావాలని కూడా ఆధారంలోని వరసే చెప్పింది.

వివరణ ఎందుకంటే ఇందుకే. నిర్వచనం సరిపోతే చాలదు, మిగిలిపోయిన మాట ఒక్కటున్నా అనుమానించాలి.

వివరణ ఎలా రాయాలి

ఎవరికైనా చెప్పడానికి రాస్తున్నా, మీకోసమే అంచులో రాసుకుంటున్నా ఒక పద్ధతి పెట్టుకోండి. నిర్వచనం కింద గీత గీయండి. తిప్పిన ముక్క పక్కన ఎడమ బాణం, చెదిరిన అక్షరాల పక్కన నక్షత్రం, తీసేసిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టడం చాలామందికి అలవాటు. ఇలా ఉంటుంది:

మరక: రమ (లక్ష్మి) ← + క (కళ మొదలు). నిర్వచనం మచ్చ.

కరవాలము: (వారము కల)*. నిర్వచనం కత్తి.

నయం: [వి]నయం. వినయం అంటే అణకువ. నిర్వచనం మేలు.

కారాగారం: కారం మధ్యలో రాగా. నిర్వచనం జైలు.

పర్యాయపదం వాడిన ప్రతిచోటా అది దేనికి పర్యాయపదమో బ్రాకెట్లో రాయాలి. "రమని తిప్పి" అని మాత్రమే రాస్తే, రమ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక చదివేవాళ్ళు ఆగిపోతారు. వాళ్ళు ఆగింది అక్కడే కాబట్టి వివరణ వెతుక్కున్నారు.

మాటకి అరుదైన అర్థం వాడి ఉంటే నిఘంటువులో చూసి, చూశానని రాయండి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివి ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. జవాబు రాకముందు నిఘంటువు చూడటం మోసమా అని అడుగుతుంటారు. నా మటుకు, అల్లిక నుంచి మాట తేలాక దాని అర్థం సరిచూసుకోవడం మోసం కాదు, తెలివైన పని. అర్థం నుంచి జాబితా తీసి ఒక్కొక్కటీ గడుల్లో కుదిర్చి చూడటం మాత్రం ఆటలోని రుచిని పోగొడుతుంది.

అల్లిక పూర్తిగా అర్థం కాకపోతే వివరణలో ఆ ముక్క దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి. ఏదో ఒకటి అతికించి సరిపెట్టొద్దు. ఎవరో ఒకరు అడుగుతారు, లేదా మీకే రెండో రోజు తడుతుంది.

ఇంకా పూరిస్తున్నవాళ్ళకి సాయం చేసేటప్పుడు జవాబు చెప్పేయకండి. మొదట నిర్వచనం ఏ కొసన ఉందో చెప్పండి. అది చాలకపోతే సంకేతం ఏ రకమో చెప్పండి. సాధారణంగా అక్కడితో వాళ్ళే పట్టుకుంటారు. మూడో మెట్టులో ఒక అక్షరం ఇవ్వవచ్చు.

ఏ వరసలో పూరించాలి

మొదటి ఆధారంతో మొదలుపెట్టాలన్న నియమం లేదు. మొత్తం ఒకసారి చదివి, చెల్లాచెదురు సంకేతాలున్నవీ, దాచినవీ ముందు తీసుకోండి. వాటిలో సరుకు కళ్ళెదుట ఉంటుంది. ఆ తర్వాత వాటిని దాటుకుంటూ వెళ్ళే నిలువులు. ఒక మూల పూర్తిచేసి ఇంకో మూలకి పాకడం బాగుంటుంది. జవాబుల్లో తొలి అక్షరం తెలిస్తే పని చాలా తేలికవుతుంది కాబట్టి, అంచుల్లో ఉన్న అడ్డాలూ నిలువులూ ముందు తేల్చుకుంటే మిగతావాటి తొలి అక్షరాలు వాటంతట అవే వస్తాయి.

ఒక ఆధారం దగ్గర ఎంతసేపు కూర్చున్నా కదలకపోతే, మీరు నిర్వచనం అనుకున్నది నిర్వచనం కాదేమో అని రెండో కొసకి మారండి. అప్పటికీ కదలకపోతే మీరు సంకేతం అనుకున్నది సరుకేమో చూడండి. "రాగా" విషయంలో జరిగింది అదే. ఈ రెండు తిరగేతలతో విడిపోని ఆధారాలు తక్కువే.

మీ చేతికి కొన్ని

కిందివి వివరణతో సహా రాయడానికి ప్రయత్నించండి. జవాబులు ఆ తర్వాతే ఉన్నాయి కనక చేత్తో మూసుకోండి.

చిలక పటంలో మోసం (3)

తీగ తిరగబడి శిరస్సు చేరింది (2)

కాలువ చివర పూడిపోతే నడిపించేది (2)

ఎటునుంచి చూసినా అభినయమే (3)

మనకి దేవుడిచ్చినవి కూతురి కూతురే (5)

రెండు తర్వాత వచ్చే మనఃస్థితి (2)

మొదటిది దాచినది. చి, ల, క, ప, టం లో కపటం, నిర్వచనం మోసం. రెండోది లత (తీగ) ←, తల. "చేరింది" అన్నది నిర్వచనానికి తీసుకెళ్ళే వంతెన మాట, దానికి వేరే పని లేదు. కూర్పరులకి ఈ మాత్రం వెసులుబాటు ఇవ్వాలి. మూడోది కాలు[వ], నిర్వచనం నడిపించేది. నాలుగోది నటన. రెండు వైపుల నుంచీ ఒకేలా చదవొచ్చు, నిర్వచనం అభినయం. అయిదోది మన + వరాలు (దేవుడిచ్చినవి), మనవరాలు. "కి" చేర్చడానికి సంకేతం. ఆరోది జంట అర్థాలది. మూడు అంకె ఒకటి, "ఇవాళ మూడు బాలేదు" అనేటప్పటి మూడు ఇంకొకటి. ఇంగ్లీషు మాట వాడానని కూర్పరి ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఇది కొంచెం అన్యాయమే. "పరాయి మనఃస్థితి" అని ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.